సీమ పనస కింద చామదుంప: ఫిజీలో రెండెకరాల్లో అంచెల తోట వేయడం ఎలా

ఫిజీలో చెరకు తీసేసిన రెండెకరాలు చేతికొస్తే చాలామంది ముందు అడిగేది, ఏ పంట వేస్తే డబ్బు బాగా వస్తుందని. ఆ లెక్క అవసరమే. దానికంటే ముందు ఇంకో లెక్క వేసుకోండి. పెద్ద తుఫాను వెళ్లిపోయిన మర్నాడు ఆ భూమిలో తినడానికి ఏం మిగులుతుంది? నాలుగు నెలల తర్వాత ఏం చేతికొస్తుంది? 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను ఫిజీని తాకినప్పుడు 44 మంది చనిపోయారు, ఇళ్లతో పాటు తోటలూ నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత ఇక్కడ ఏ మొక్క నాటినా ఈ రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకునే నాటాలి.

పసిఫిక్ దీవుల పాత తోటల్లో దీనికి జవాబు ఎప్పటి నుంచో ఉంది. పైన కొబ్బరి, సీమ పనస (బ్రెడ్‌ఫ్రూట్). వాటి మధ్య అరటి. కింద చామ, పెండలం. కోనసీమలో కొబ్బరి చెట్ల కింద అరటి, కంద, కోకో చూసినవాళ్లకు ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. 1903 నుంచి మద్రాసు ఓడల్లో ఇక్కడికి వచ్చిన మన తెలుగువాళ్ల మునిమనవళ్లు ఫిజీలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో సాగు చేసేవాళ్లకూ, కొత్తగా కౌలుకు భూమి తీసుకునేవాళ్లకూ పనికొచ్చేలా ఇది రాస్తున్నాను.

గునపం పట్టే ముందు కాగితం చూడండి

ఫిజీలో దాదాపు 90 శాతం భూమి ఇతౌకెయిలది, అంటే స్థానిక ఫిజియన్ వంశాల ఉమ్మడి ఆస్తి. దాన్ని కొనలేరు. ఇతౌకెయి ల్యాండ్ ట్రస్ట్ బోర్డు ద్వారా కౌలుకు తీసుకోవాలి. 1976లో చట్టం మార్చాక వ్యవసాయ కౌలు కనీసం 30 ఏళ్లకు ఇస్తున్నారు. మీ చేతిలో ఉన్న లీజులో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో చూడండి. ఏ చెట్టు నాటాలో మట్టి కంటే ముందు ఆ అంకె చెబుతుంది. ఎనిమిదేళ్లే మిగిలితే సీమ పనస, అరటి, యాంగొనా (వేర్లతో పానీయం చేసే మొక్క) వేసుకోవచ్చు. చందనం, వెసి లాంటి కలప చెట్ల జోలికి పోకండి, వాటిలో చేవ పట్టేసరికి ఆ భూమి మీది కాదు.

ఎక్కువ కాలం నిలిచే చెట్లు నాటబోతున్నామని బోర్డుకు రాసి, వాళ్ల ఒప్పుదల కాగితం మీద తీసుకోండి. ఏ చెట్టు ఎన్ని, ఏ హద్దులో నాటుతున్నారో అందులో ఉండాలి. రేపు లీజు ముగిసేటప్పుడు ఆ కాగితం లేకపోతే పడే టెన్షన్ మామూలుగా ఉండదు.

భూమి ఏ మతాంగలిదో, అంటే ఏ వంశానిదో, ఆ ఊరికి స్వయంగా వెళ్లండి. వెళ్లేటప్పుడు యాంగొనా వేర్ల కట్ట తీసుకెళ్లి మర్యాదగా సమర్పించండి. దాన్ని సెవుసెవు అంటారు. ఇది లాంఛనం కోసం చేసే పని అనుకోవద్దు. వరద నీళ్లు ఎటు పారతాయో, ఏ మూల నేల ఎప్పుడూ తడిగా ఉంటుందో, పాత సీమ పనస చెట్టు ఎక్కడుండేదో ఆ ఊరి పెద్దలకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కూర్చుని వినండి.

వాన, గాలి, వాలు

ఒకే దీవిలో రెండు రకాల వాతావరణం ఉంటుంది. ఆగ్నేయం నుంచి వచ్చే గాలులు కొండలకు తగిలి తూర్పు వైపే వాన కురిపిస్తాయి. సువాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు పడితే, పడమటి వైపు నాడీలో సుమారు 1,800 పడుతుంది. అదీ మే నుంచి అక్టోబరు దాకా బాగా తగ్గిపోతుంది. తడి వైపు చామ, యాంగొనా బాగా వస్తాయి. పొడి వైపు కర్రపెండలం, చిలగడదుంప, మామిడి, చందనం నిలబడతాయి. సీమ పనస రెండు వైపులా పెరుగుతుంది. పొడి వైపు మొదటి రెండేళ్లు మాత్రం నీళ్లు పోయాలి.

వాలు నేల అయితే అసలు పని ఇక్కడే ఉంది. వాన నీరు పై మట్టిని లాక్కుపోకుండా వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో వరుసలు కట్టాలి. మట్టం కొలవడానికి యంత్రం అక్కర్లేదు. రెండు మీటర్ల కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టి, కింది కొసలు కాళ్లలా ఎడంగా పెట్టండి. మధ్యలో అడ్డకర్ర కట్టండి. పై ముడి నుంచి దారానికి రాయి వేలాడదీయండి. దాన్ని నేల మీద నిలబెట్టి, అడ్డకర్ర మీద దారం ఎక్కడ తగిలిందో గుర్తు పెట్టండి. కాళ్లు రెండూ అటూ ఇటూ మార్చి, అవే చోట్ల నిలబెట్టి మళ్లీ గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల నడిమి చోటుకు దారం వస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఇక వాలు మీద అడుగడుగునా దాన్ని తిప్పుకుంటూ, కాలు పెట్టిన ప్రతి చోటా ఒక పుల్ల గుచ్చుకుంటూ పోండి. ఇద్దరు మనుషులుంటే ఒక్క పూటలో అయిపోతుంది.

ఆ పుల్లల వరుసలో వట్టివేరు నాటండి. మన ఇళ్లలో వేసవికి తడికెలు కట్టుకునే వట్టివేరే. 1950ల నుంచి ఫిజీ చెరకు కొండల్లో మట్టి కోతను ఆపడానికి దీన్ని వాడారు. పాత వరుసలు దొరికితే వాటి నుంచే పిలకలు విడదీసుకోండి. పైన ఆకు జానెడు ఉంచి కోసేసి, 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో వానలు మొదలవగానే గుచ్చాలి. ఒక్క పిలక చచ్చినా వెంటనే ఆ ఖాళీ పూడ్చండి, నీరు ఆ సందులోంచే దూసుకొస్తుంది. వాలు మీద మనిషి ఎత్తు దిగిన ప్రతిచోటా ఒక వరుస ఉంటే చాలు. వరుసకు పై పక్కన అనాస పెట్టుకుంటే మట్టినీ పట్టి ఉంచుతుంది, తినడానికీ అమ్మడానికీ పనికొస్తుంది.

గాలికి అడ్డు కూడా మొదటి వానల్లోనే నాటాలి. ఆగ్నేయపు హద్దులో రెండు వరుసలు సరుగుడు వేయండి. ఇక్కడ దాన్ని నోకోనోకో అంటారు. మన కోస్తా ఊళ్లలో సముద్రపు గాలిని ఆపే చెట్టే. సముద్రానికి దగ్గరైతే ముందు వరుసలో పొన్న, గంగరావి, బాదం వేయండి. మూడూ ఈ తీరాల్లో సొంతంగా పెరిగేవే. ఉప్పుగాలికి తట్టుకుంటాయి. అయితే తుఫాను ఆగ్నేయం నుంచే రావాలని లేదు, ఉత్తరం నుంచీ పడమర నుంచీ కూడా కొడుతుంది. అందుకని మిగతా హద్దుల్లోనూ ఒక వరుస ఉండేలా చూసుకోండి.

మొదటి ఏడాది దుంపదే

చెరకు తీసిన నేల అలసిపోయి ఉంటుంది. ముందు దాన్ని ఆరు నెలలు కోలుకోనివ్వాలి. తవెయూని దీవిలో చామ మీద చామ వేస్తూ పోయాక దిగుబడి పడిపోతే, అక్కడి రైతులు ముకునా అనే తీగను పచ్చిరొట్టగా వేయడం మొదలుపెట్టారు. మన దూలగొండికి ఇది చుట్టమే, కానీ దురద పెట్టని రకం. మన దగ్గర జీలుగ చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది, పైగా కలుపును కప్పేస్తుంది. వానలకు ముందు గింజలు గుచ్చితే ఆరు నెలల్లో నేల కనపడకుండా అల్లుకుంటుంది. అప్పుడు కోసి అక్కడే పరిచేయండి. తగలబెట్టకండి. ఆ పరుపు మీద నుంచే గునపంతో గుంత చేసి, జానెడు లోతున చామ పిలక పెట్టండి. ఒక్క జాగ్రత్త ఉంది. ముకునా చెట్లనూ ఎక్కేస్తుంది, కాబట్టి లేత చెట్ల చుట్టూ రెండు బారల మేర ఎప్పటికప్పుడు కోసేస్తూ ఉండాలి.

చామను ఇక్కడ దాలో అంటారు. ఎగుమతికి ఎక్కువగా పండించేది తౌసాలా ని సమోవా అనే గులాబి రంగు రకం. మీటరు ఎడంతో పెట్టండి. మొదటి నాలుగు నెలలు కలుపు లేకుండా చూస్తే తర్వాత ఆకు నీడే కలుపును ఆపేస్తుంది. ఎనిమిది నుంచి పది నెలల్లో దుంప తవ్వచ్చు.

పొలమంతా ఒకే రకం వేయాలన్న ఆశ పుడుతుంది, కొనేవాళ్లు అదే అడుగుతారు కదా అని. సమోవాలో 1993లో ఆకుమచ్చ తెగులు వచ్చినప్పుడు ఏమైందో గుర్తుంచుకోండి. దాదాపు దేశమంతా ఒకే రకం వేశారు, ఆ రకానికి తెగులును తట్టుకునే శక్తి లేదు. ఎగుమతులు కుప్పకూలాయి, న్యూజిలాండ్ మార్కెట్ ఫిజీ రైతులకు వచ్చింది. ఆ మార్కెట్‌లో అమ్ముతున్న ఎవరూ ఆ కథను మరచిపోకూడదు. నాలుగో వంతు భూమిలోనైనా వేరే రకాలు, పక్కనే పెండలం, కర్రపెండలం ఉంచండి.

సీమ పనస: తోటకు ఇదే నడుమ స్తంభం

1789లో కెప్టెన్ బ్లై తహితి నుంచి వెయ్యికి పైగా సీమ పనస మొక్కలు ఓడలో వేసుకుని వెస్టిండీస్‌కు బయల్దేరితే, నావికులు తిరగబడి మొక్కలన్నీ సముద్రంలో పారేశారు. ఖండాలు దాటించి తీసుకెళ్లాలనిపించేంత తిండి ఈ చెట్టు ఇస్తుంది. ఫిజీలో దీని పేరు ఉతో. గోదావరి జిల్లాల్లో సీమ పనస వేపుడు తిన్నవాళ్లకు రుచి పరిచయమే. ఇక్కడ దాన్ని అన్నానికి బదులు తింటారు. నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, కొబ్బరి పాలతో.

ఎక్కువ రకాలకు గింజ ఉండదు. మొక్క తయారు చేసుకోవడానికి మూడు దారులున్నాయి.

తేలికైనది పిలక. పెద్ద చెట్టు వేరుకు ఎక్కడైనా దెబ్బ తగిలితే అక్కడ పిలక లేస్తుంది. మోకాలెత్తు పెరిగాక వేరు ముక్కతో సహా తీసి, సంచిలో పెట్టి, నీడలో కొన్నాళ్లు ఉంచి నాటాలి.

రెండోది వేరు ముక్కలు. బొటనవేలు మందం ఉన్న వేర్లను 20 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, తడి ఇసుక మడిలో అడ్డంగా పరిచి, నీడ కట్టండి. మొలకెత్తాక సంచుల్లోకి మార్చండి. నాటడానికి ఐదారు నెలలు పడుతుంది. ఒకే చెట్టు వేర్లన్నీ తవ్వేయకండి. ఒక పక్క నుంచి మాత్రమే తీసి, గుంత పూడ్చి, తల్లి చెట్టును ఏడాది విశ్రాంతిగా వదలండి.

మూడోది గాలి అంటు. కొమ్మ మీద మూడు నాలుగు సెంటీమీటర్ల మేర బెరడు ఉంగరంలా తీసి, తడి నాచు లేదా కొబ్బరి పొట్టు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో కట్టేస్తే రెండు మూడు నెలల్లో వేర్లు కనపడతాయి. జామకు, నిమ్మకు కట్టినట్టే.

ఎగుమతి చేయాలనుకుంటే బాలె కానా రకం అడగండి. పొట్టిగా ఉండి త్వరగా కాపుకొచ్చేది కావాలంటే సమోవా రకం మఅఫాలా. హవాయి దీవుల్లోని కహాను తోటలో 120కి పైగా రకాలను పెంచి కాపాడుతున్నారు. మీరు నాలుగు రకాలు పెట్టుకున్నా చాలు, ఒక్కోటి ఒక్కో నెలలో కాస్తుంది, తిండి ఎక్కువ కాలం దొరుకుతుంది.

12 మీటర్ల ఎడంతో పెడితే రెండెకరాల్లో 56 చెట్లు పడతాయి. నేనైతే పాతిక దాటను. ఈ చెట్టు నీడ చిక్కగా పడుతుంది, కింద చామకు వెలుతురు కావాలి. నాటిన మూడు నుంచి ఐదేళ్లలో కాపు మొదలవుతుంది. ప్రతి కాపు అయిపోగానే తల నరికి, కర్రకు అందే ఎత్తులో ఉంచండి. చెట్టు పొట్టిగా ఉంటే కాయ కోయడం సులువు, గాలికి పట్టు తక్కువ. కోసిన కాయ రెండు మూడు రోజుల్లో మెత్తబడిపోతుంది, అందుకే కొనేవాణ్ని ముందే మాట్లాడుకుని కోయండి. న్యూజిలాండ్‌కు వెళ్లే కాయకు పండు ఈగ లేకుండా వేడి గాలితో శుద్ధి చేయాలి. ఆ పని నాడీలో రైతుల సొంత సహకార సంఘం నేచర్స్ వే చేస్తుంది.

మధ్య అంచె

సీమ పనస లేతగా ఉన్న మూడు నాలుగేళ్లు దానికి నీడ, మీకు డబ్బు ఇచ్చేది అరటి. రెండు సీమ పనసల మధ్య రెండు గుంపులు పెట్టి, ఏడాదికోసారి పాత బోదెలు కోసి అక్కడే పరచండి.

తడి వైపు ఉన్నవాళ్లు యాంగొనా వేసుకోవచ్చు. మనవాళ్లు గ్రోగ్ అని పిలిచే పానీయం దీని వేర్లదే. తమలపాకు, మిరియం కుటుంబపు మొక్క కాబట్టి గుణం కూడా దగ్గరే. నీడ కావాలి, తేమ కావాలి, మొదలు దగ్గర నీళ్లు మాత్రం నిలవకూడదు. మూడు నుంచి ఐదేళ్లకు తవ్వుతారు. ధర చూసి పొలమంతా అదే వేసినవాళ్లు ఎండు తెగులుతో నష్టపోతారు. ఆ తెగులు తెచ్చేది పేనుబంక మోసుకొచ్చే వైరస్. అదే వైరస్ దోస, గుమ్మడి లాంటి తీగలకూ వస్తుంది, కాబట్టి యాంగొనా పక్కన ఆ పాదులు పెట్టకండి. విడివిడిగా, వేరే మొక్కల మధ్య చెదరగొట్టి నాటితే తెగులు అంత వేగంగా పాకదు. నీడకు ద్రాలా అనే ఇక్కడి చెట్టు, గిరిపుష్పం కొమ్మలు గుచ్చండి. రెండూ కొమ్మ పాతితే బతుకుతాయి, నేలకు నత్రజని ఇస్తాయి, ఏడాదికి రెండుసార్లు నరికితే ఆకు ఎరువవుతుంది.

లీజు పొడుగ్గా ఉంటే చందనం

ఫిజీ చందనాన్ని యాసి అంటారు. 1800ల మొదట్లో వనువా లెవు దీవిలోని బువా తీరంలో ఓడలవాళ్లు పదిహేనేళ్లు తిరక్కుండానే దీన్ని ఊడ్చేశారు. ఇప్పుడు రైతులు మళ్లీ నాటుతున్నారు. ఇది ఒంటరిగా బతకని చెట్టు. పక్క మొక్కల వేర్ల నుంచి కొంత ఆహారం లాక్కుంటుంది. సంచిలో ఉన్నప్పుడే పక్కన ఒక చిన్న ఆకుకూర మొక్క ఉండాలి. పొలంలో పెట్టాక చుట్టూ సరుగుడు, గిరిపుష్పం లాంటివి కావాలి. బట్టబయలు ఎండలో నాటితే చాలావరకు చచ్చిపోతాయి. అందుకే ఇది అంచెల తోటలో, మూడో ఏడాది, నీడ పడ్డాక నాటాల్సిన చెట్టు. పొడి వైపు హద్దుల్లో ముప్పై మొక్కలు పెట్టుకుని ఇరవై ఏళ్లు ఆగగలిగితే పిల్లల చదువుకో పెళ్లికో అక్కరకొస్తుంది. నరకాలంటే అటవీ శాఖను ముందే అడగండి.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయి, ఏవి తేకూడదు

దుంపల పిలకలకు, పండ్ల మొక్కలకు నౌసోరి దగ్గరి కొరోనివియా, పడమటి వైపు సింగటోకా వ్యవసాయ పరిశోధనా కేంద్రాల్లో అడగండి. సువా దగ్గర నరేరేలో పసిఫిక్ దేశాల ఉమ్మడి విత్తన, మొక్కల భాండాగారం ఉంది. చామ రకాలే వెయ్యి దాకా అక్కడ గాజు సీసాల్లో పెంచి దాచారు. టిష్యూ కల్చర్ మొక్కలు దీవులకు ఇస్తారు. కలప మొక్కలకు అటవీ శాఖ నర్సరీలున్నాయి. తవెయూనిలో టుటు గ్రామీణ శిక్షణ కేంద్రం యువ రైతులకు నేర్పుతుంది, వీలైతే వెళ్లి చూడండి.

మనవాళ్లతో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఊరి నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో మామిడి టెంక, కరివేపాకు మొక్క, పసుపు కొమ్ము తెచ్చుకోవద్దు. దీవికి ఒక్క తెగులు దిగితే దాన్ని వెనక్కి పంపే దారి లేదు. ఫిజీ బయోసెక్యూరిటీ అనుమతి లేకుండా విత్తనం కూడా తేకూడదు. కరివేపాకు, మునగ ఇక్కడి మనవాళ్ల పెరళ్లలోనే ఉన్నాయి, అడిగితే కొమ్మ ఇస్తారు.

ఇక్కడే దొరికినా నాటకూడని చెట్లు కూడా ఉన్నాయి. నారింజ రంగు పూల ఆఫ్రికన్ ట్యులిప్ గాలికి గింజలు చల్లి పొలాలు మింగేస్తోంది. మొలక కనపడగానే వేరుతో సహా పీకండి, ముక్క మిగిలినా చిగురిస్తుంది. మన దగ్గర మేతకు నాటే సుబాబుల్ కూడా దీవుల్లో అడ్డూ అదుపూ లేకుండా పాకుతోంది, దాన్ని వదిలేయండి.

పగడపు దీవి అయితే

కిరిబాతి, తువాలు లాంటి చోట్ల పైన చెప్పిన చాలా సంగతులు పనికిరావు. అక్కడ నేలంటే పగడపు ఇసుకే. సున్నం ఎక్కువ, ఆకులు ఇనుము దొరక్క పసుపుపచ్చగా పాలిపోతాయి. నాటే గుంతలో తుప్పు పట్టిన డబ్బా రేకుల ముక్కలు వేయడం అక్కడి పాత అలవాటు. దానితో పాటు ఎండాకు, కొబ్బరి పీచు ఎంత వేస్తే అంత మంచిది. కొబ్బరి, సీమ పనస, మొగలి, ఈ మూడే అక్కడి తోట. దుంప కోసం మంచినీటి పొర తగిలేదాకా గొయ్యి తవ్వి, అందులో బబాయ్ అనే పెద్ద చామను ఆకు ఎరువుతో పెంచుతారు. తరతరాలుగా తవ్విన గోతులవి, కొత్తగా తవ్వే ముందు ఊరివాళ్లను అడగాలి.

తుఫాను రోజులు

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. అక్టోబరులోనే సీమ పనస కొమ్మలు పలచన చేయండి, గాలి లోపలి నుంచి దూరిపోవాలి. హెచ్చరిక రాగానే కర్రపెండలం కాడలు మోకాలెత్తుకు నరికేయండి. కాడ ఊగితే దుంప కదిలి కుళ్లిపోతుంది, నరికితే నేలలో భద్రంగా ఉంటుంది. నరికిన కాడలను నీడలో కట్ట కట్టి దాచండి, మళ్లీ నాటడానికి అవే విత్తనం. అరటి ఆకులు కోసి గెల ఉన్న చెట్లకు బరువు తగ్గించండి.

గాలి ఆగాక నేల మీద సీమ పనస కాయలు గుట్టలుగా పడి ఉంటాయి. పారేయకండి. ఫిజియన్ పొరుగువాళ్లను అడిగి దావుకె చేయడం నేర్చుకోండి. గొయ్యి తవ్వి, అరటి ఆకులు మందంగా పరిచి, తొక్క తీసిన కాయలు కుక్కి, మళ్లీ ఆకులు కప్పి, రాళ్లు పెట్టి పూడ్చేస్తారు. లోపల పులిసి నెలల తరబడి నిలవ ఉంటుంది. కొంచెం కొంచెం తీసి ఉడికించుకోవచ్చు. వాసన ఘాటుగా ఉంటుంది, అలవాటైతే ఆకలి తీరుస్తుంది.

విరిగిన సీమ పనసను వెంటనే తీసేయాలని తొందరపడకండి. చీలిన చోట నున్నగా కోసి వదిలేస్తే మోడు చిగురిస్తుంది, దెబ్బ తగిలిన వేర్ల నుంచి పిలకలూ లేస్తాయి. ఆ ఏడాది మొక్కలకు అదే నర్సరీ. కూలిన కొబ్బరి బోదెలు మాత్రం పొలంలో కుళ్లనివ్వకూడదు. కొమ్ము పురుగు వాటిలోనే పిల్లలు పెట్టి, మిగిలిన చెట్ల మొవ్వు తొలిచేస్తుంది. వాటిని కోసి కాల్చేయండి, లేదా కలపగా వాడుకోండి. చెట్లు పోయి కొత్తగా ఎండ పడుతున్న చోట, నేల ఆరకముందే చిలగడదుంప తీగలు గుచ్చండి. మూడు నాలుగు నెలల్లో తవ్వుకోవచ్చు, అప్పటిదాకా నేలలో మిగిలిన కర్రపెండలం, గోతిలోని సీమ పనస ఇల్లు గడుపుతాయి.